ఏటి ఒడ్డు భూమి ఎవరికి చవక?



గోదావరి, శబరి ఒడ్డు ఊళ్లలో ఒక మాట తరచూ వింటుంటాం. "ముంపు భూమి కదా, ఎంతొస్తే అంతకి ఇచ్చెయ్" అని. ఈ మాట ఈనాటిది కాదు, దీనికి వందేళ్ల చరిత్ర ఉంది. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

ముందు ఏటి సంగతి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లకి పోయే దారి ఉండదు, వెనక్కి తన్నుతాయి. అదే ఎగపోటు. మన దగ్గర వాన లేకపోయినా చేలు మునిగేది ఇందుకే. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3.

కానీ ఆ వరదే ఒండ్రు తెచ్చి పోస్తుంది. నీళ్లు తీశాక అదే నేలలో మిరప, పొగాకు, అపరాలు బాగా పండుతాయి. వానాకాలం ఏటిది, చలికాలం మనది. మన పెద్దోళ్లకి ఈ లెక్క తెలుసు. ఏటి ఒడ్డు చేను ఒక్కదాన్నే నమ్ముకోకుండా కొండ మీద పోడు కూడా కొట్టుకున్నారు. ఒకటి పోతే ఇంకోటి నిలబడేది.

బయటి నుంచి వచ్చిన షావుకార్లకీ ఈ లెక్క తెలిసింది. ఉప్పు, గుడ్డలు, గింజలు అప్పు ఇచ్చారు. అప్పు తీరకపోతే చేను రాయించుకున్నారు. రాయించుకునేటప్పుడు అది ముంపు భూమి, చేతికొచ్చాక పొగాకు భూమి. ఏజెన్సీలో భూములు ఇలా చేతులు మారుతుంటే బ్రిటిష్ సర్కారే 1917లో చట్టం తెచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా ఆదివాసీ భూమి బయటివాళ్లకి పోకూడదు అంది. అయినా ఆగలేదు. 1959లో ఇంకో రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని సవరిస్తూ వచ్చిందే మనందరం చెప్పుకునే 1970 నాటి 1/70.

1/70 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఆదివాసీకి గానీ, ఆదివాసీలే ఉన్న సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా ఇదే రూలు. కౌలు కూడా ఇందులోకే వస్తుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ దగ్గర నుంచి వచ్చిందనే లెక్క, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. 1988లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది.

"1/70 వల్లే మన భూమికి రేటు లేదు" అని మనోళ్లే కొందరు అంటారు. నిజమే, కొనేవాళ్లు తక్కువైతే రేటు తక్కువే. కానీ రేటు చేతికి ఒక్కసారే వస్తుంది, పంట ఏటా వస్తుంది. పైగా ఆ రేటు తక్కువ కాబట్టే మనలో ఒకరికి ఉద్యోగం వస్తే రెండెకరాలు కొనగలుగుతున్నాం. చట్టం లేకపోతే ఆ రెండెకరాల కోసం మనం పట్నం డబ్బుతో పోటీ పడాలి.

కొనాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. 1986 నీళ్లు, 2022 నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో అడగండి. ఆ గుర్తు కింద ఇల్లు కట్టొద్దు. తెల్లకాగితం మీద కొనొద్దు, పట్టా ఎవరి పేరున ఉందో చూడండి. ఇంకెవరో డబ్బు పెట్టి "నీ పేరు మీద ఉంచుదాం" అంటే అస్సలు ఒప్పుకోవద్దు. అప్పట్లో అప్పు కాగితం మీద వేలిముద్ర అడిగారు, ఇప్పుడు మన కులం సర్టిఫికెట్ అడుగుతున్నారు.

పోలవరం ముంపు మండలాల్లో కాగితం విలువ మనోళ్లు కళ్లారా చూశారు. తాతల నుంచి దున్నుతున్నా పేరు రికార్డులో లేకపోతే పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ ఇంటి పట్టా బయటికి తీసి ఒకసారి చదవండి. అందులో ఎవరి పేరుందో, ఎన్ని ఎకరాలుందో మీ అమ్మానాన్నలకి చదివి వినిపించండి.

జై ఆదివాసీ.