ఇల్లే కార్ఖానా అయినచోట రేడాన్

రేడాన్ మాట రాగానే అందరి చూపూ రాతి మీదికి పోతుంది. కరీంనగర్ ప్రాంతంలో చాలావరకు గ్రానైటు నేల. అందులో కొద్దిపాటి యురేనియం ఉంటుంది, అది తరుగుతూ రేడియం అవుతుంది, రేడియం నుంచి ఈ వాసనలేని వాయువు పుడుతుంది. అలాంటప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్ల సంగతి రాతినే అడిగితే సరిపోదా? సరిపోదు. రేడాన్ 3.8 రోజుల్లో సగానికి తరిగిపోతుంది. ఆలోగా అది నేల పగుళ్ల గుండా గదిలోకి ఎంత చేరింది, ఎంత నిలిచింది, ఆ గాలిని మనిషి ఎన్ని గంటలు పీల్చాడు అన్నవి తేలాలి. ఈ మూడు ఊళ్లలో ఆ గంటలను నిర్ణయించింది బతుకుదెరువు.

జర్మనీలోని ష్నీబర్గ్ గని కార్మికులను చంపుతున్నది ఊపిరితిత్తుల క్యాన్సరని హార్టింగ్, హెస్సె అనే వైద్యులు 1879లోనే గుర్తించారు. రేడియం నుంచి ఒక వాయువు వెలువడుతోందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త డోర్న్ గమనించింది 1900లో. ఆ వాయువే రేడాన్, గని కార్మికుల జబ్బుకు కారణం. గనుల్లో జబ్బు తేలిన శతాబ్దం తర్వాత, 1980లలో గానీ ప్రపంచం ఇళ్ల వైపు గట్టిగా చూడలేదు. సిరిసిల్ల నేతగాడు మాత్రం ఏ గనికీ పోకుండానే, ఇంట్లోనే నేలలోకి దిగి పనిచేశాడు. గుంటమగ్గం ముందు కూర్చుని, తవ్విన గుంటలో కాళ్లు పెట్టి పొద్దంతా తొక్కేవాడు. నేల చెమ్మ తగిలితే పోగు తెగదు కనుక మగ్గం గదికి ఈదురుగాలి సోకనిచ్చేవారు కాదు. నూలుకు మేలు చేసిన ఆ అమరికే నేలలోంచి వచ్చే వాయువు నిలవడానికీ అనువైనది.

గూన పెంకల సందుల్లోంచి గాలి పోయేది కదా అనవచ్చు. పోయేది. అందుకే పాత ఇల్లు ప్రమాదకరమనీ, కొత్త ఇల్లు క్షేమమనీ తీర్పు చెప్పలేం. సాంచాలు (మరమగ్గాలు) వచ్చి గుంట పూడింది, స్లాబు వచ్చి పెంకల సందులూ పోయాయి. సిమెంటు గచ్చు పగలనంతకాలం మట్టినేల కంటే వాయువును బాగానే ఆపుతుంది. ఏసీ కోసం తలుపులు బిగించిన గది మాత్రం లోపలికి చేరినదాన్ని బయటికి పోనివ్వదు. వంటగదిలో పరిచిన గ్రానైటు బండను చూసి భయపడేవారు ఆ బండ కింది నేలను మరిచిపోతారు, సాధారణంగా ఎక్కువ రేడాన్ వచ్చేది అక్కడి నుంచే.

నేతన్నకు అప్పులు, నూలు దుమ్ము, బీడీలు చుట్టే ఆడవాళ్లకు తంబాకు ఘాటు ఉండగా కనిపించని వాయువు గోల ఎందుకన్నది ఇంకా బలమైన అభ్యంతరం. అయితే రేడాన్ తరిగాక పుట్టే రేణువులు గాలిలోని దుమ్మునూ పొగనూ అంటుకుని ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రేడాన్ వల్ల పొగతాగేవారికి వచ్చే ముప్పు తాగనివారి కంటే 25 రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కోరుట్ల, జగిత్యాలల్లో తునికాకు చాట ఒళ్లో పెట్టుకుని ఇంట్లోనే పొద్దు గడిపే ఆడమనిషి పొగ తాగకపోవచ్చు. కానీ ఆఫీసుకు పోయే మనిషి కంటే ఆమె ఆ గదిలో గడిపే గంటలెక్కువ.

కొలవడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఎల్‌ఆర్-115 అనే ప్లాస్టిక్ ఫిల్మును చిన్న డబ్బాలో పెట్టి మూడు నెలలు గదిలో వేలాడదీస్తారు. తర్వాత దాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌లో ఉంచి, ఆల్ఫా కణాలు వదిలిన జాడలు లెక్కపెడతారు. ఘనపు మీటరు గాలికి 100 బెక్వెరెళ్లు (రేడియోధార్మికత ప్రమాణం) అన్నది 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. ఆ డబ్బాలు ముందుగా వేలాడాల్సింది రాతి క్వారీల పక్కన కాదు. నేలకు ఆనిన గదుల్లో, బీడీల చాటలున్న చోట, తలుపులు మూసుకునే చలికాలంలో వేలాడదీయాలి. లెక్క ఎక్కువ తేలిన ఇంట్లో గచ్చు పగుళ్లు పూడ్చి, ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఆ ఇంటి వరకు పని మొదలైనట్టే.