నడిమి నట్టు ముట్టుకోవద్దు

బందరు రోడ్డు. స్పీడు 60 కూడా దాటలేదు. ముందు వెళ్తున్న ఇసుక లారీ వెనక ఎర్రలైట్లు వెలుగుతాయి. మీరు బ్రేకు తొక్కుతారు. మీ 2001 మోడల్ మారుతి 800 ముక్కు కిందికి కుంగుతుంది, వెనక భాగం పైకి లేస్తుంది. సరిగ్గా అక్కడే రోడ్డంతా గతుకులు. స్టీరింగు అరచేతుల్లో దడదడలాడుతోంది. బ్రేకు పట్టినట్టే పట్టి జారిపోతోంది. చక్రం నేలను అంటి ఉంటేగా పట్టడానికి? అది ఎగురుతోంది. లారీ వెనక తలుపు దగ్గరవుతోంది. ఇంకా దగ్గరికి. ఇంకా.

ఆగారు. మధ్యలో మూరెడు ఖాళీ.

పక్కకు తీసి దిగండి. ముందు ఎడమ వైపు మడ్‌గార్డు మీద రెండు చేతులూ ఆనించి, బరువంతా వేసి నొక్కి వదలండి. బాగున్న కారు ఒక్కసారి లేచి కుదుటపడుతుంది. మీది లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. వంగి చక్రం వెనక్కి చూడండి. షాకబ్జార్ గొట్టం పొడవునా నూనె కారి, దాని మీద దుమ్ము నల్లటి ముద్దలా పట్టేసింది. టైరు మీద అరచెయ్యి రాయండి. అక్కడక్కడా గుంటలు తగులుతాయి. ఎగిరి పడ్డ చోటల్లా రబ్బరు అరిగిపోయింది.

ఇప్పుడు గొట్టాన్ని ముట్టుకోండి, జాగ్రత్తగా. ఇన్ని గతుకులు దాటి వచ్చినా చల్లగానే ఉంది. కుడి వైపుది ముట్టుకోండి. కాస్త వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే షాకబ్జార్ పని చేస్తోందనడానికి గుర్తు. కారు బరువు మోసేది స్ప్రింగు. గతుకులో నొక్కుకుపోయిన స్ప్రింగు వదిలితే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపేది గొట్టంలోని నూనె. పిస్టన్‌కున్న సన్నటి కవాటాల గుండా నూనె బలవంతంగా దూరుతుంటే ఊపు వేడిగా మారిపోతుంది. మీ ఎడమ షాకబ్జార్‌లో ఆ నూనె బయటికొచ్చేసింది. నెమ్మదిగా నడుపుకుంటూ, విడిభాగాలు దొరికే ఆటోనగర్‌కు పోనివ్వండి.

దుకాణంలో కౌంటరు మీదికి ఒక్కొక్కటీ వస్తాయి. మొదటిది పేరు లేనిది. నిగనిగలాడే నల్ల రంగు, మిగతావాటిలో సగం ధర. చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పండి. సీలు అంచు మీదికి కూడా రంగు ఎక్కింది. మెరిసే రాడ్డు మీద వెంట్రుకల్లాంటి గీతలు. పాతదాన్ని విప్పి, సీలు మార్చి, కొత్త నూనె పోసి, రంగు కొట్టారు. లోపలి కవాటాలు మాత్రం ఆ అరిగిపోయినవే. రాడ్డు మీది గీతలు నాలుగు రోజుల్లో కొత్త సీలునూ కోసేస్తాయి. వెనక్కి ఇచ్చెయ్యండి.

రెండోది ఎర్ర రంగు స్పోర్ట్స్ రకం. మలుపుల్లో కారు రోడ్డుకు అతుక్కుని పోతుందంటాడు దుకాణదారు. నున్నటి రోడ్డు మీద అది నిజమే కావచ్చు. మీరు తిరిగేది ఈ రోడ్ల మీద. మీ కారు బరువు దాదాపు 650 కిలోలు, దాని స్ప్రింగులు మెత్తనివి. గట్టి షాకబ్జార్ చక్రాన్ని గతుకులోకి సాఫీగా దిగనివ్వదు, ఎక్కనివ్వదు. ఆ దెబ్బంతా పైనున్న రేకుకు తగులుతుంది. ఆ రేకు వయసు ఎంతో తెలుసుగా? పాత కారుకు గట్టి షాకబ్జార్ వేయడం దానికి మేలు చెయ్యడం కాదని నేను గట్టిగా నమ్ముతాను. కంపెనీ వాళ్లు ఆ స్ప్రింగుకు ఏ పట్టు సరిపోతుందని లెక్క కట్టారో, అదే పట్టు ఉన్నది వెతకండి.

మూడో పెట్టె గాబ్రియల్. 1961లో ముంబయి ములుండ్‌లో మొదలైన కంపెనీ. స్టాండర్డ్ రకమే, కానీ అందులో నూనెది ఒకటి, గ్యాసుది ఒకటి. గ్యాసుదాని రాడ్డు నొక్కి వదలండి. మెల్లగా దానంతటదే పైకొస్తుంది. ఎందుకలా? లోపల నూనెతో పాటు నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపారు. వరసగా గతుకులు తగిలితే మామూలు నూనె నురగ కడుతుంది. నురగ కవాటాల్లోంచి అడ్డూ ఆపూ లేకుండా జారిపోతుంది, పట్టు ఉండదు. నైట్రోజన్ ఒత్తిడి ఆ నురగను కట్టనివ్వదు. ఊళ్లోనే నెమ్మదిగా తిరిగేవాళ్లకు నూనెది చాలు. నలుగురితో, సామానుతో పల్లె రోడ్ల మీద పోతుంటే గ్యాసుది తీసుకోండి.

కుడి వైపుది ఇంకా పని చేస్తోంది కదా, ఒక్కటే కొంటే చాలదా? చాలదు. ఒక పక్క కొత్తది పట్టి ఉంచుతుంది, రెండో పక్క పాతది వదిలేస్తుంది. బ్రేకు తొక్కగానే కారు పక్కకు లాగుతుంది. జతగా కొనండి. ముందువాటికి కుడి, ఎడమ వేరు. గుర్తు చూసుకుని మరీ తీసుకోండి. పై మౌంటింగు, బేరింగు, జంపింగ్ రబ్బరు, దుమ్ము కవరు కూడా కొత్తవే తీసుకోండి. వీటి డబ్బు మిగుల్చుకుంటే తర్వాత మళ్లీ అంతా విప్పాలి.

షెడ్డు. మేస్త్రి బానెట్ ఎత్తుతాడు. మౌంటింగు చుట్టూ ఉన్న రేకును బొటనవేలితో గట్టిగా నొక్కండి. తుప్పు పట్టి పొరలు రాలితే పని ఆపి ముందు వెల్డింగు చేయించాలి. మీది గట్టిగానే ఉంది. వెనక చక్రాలకు చెక్కలు అడ్డం పడ్డాయి. జాకీ లేచింది. "స్టాండు పెట్టించండి" అని మీరే అడగండి. జాకీ ఉన్నది ఎత్తడానికి, అలా గంటలకొద్దీ మోయడానికి కాదు.

చక్రం వచ్చింది. బ్రేకు పైపు క్లిప్పు తీసి పక్కకు జరిపారు. షాకబ్జార్ కింది కొసను, చక్రాన్ని మోసే నకిల్‌కు బిగించిన రెండు బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి. విప్పే ముందు వాటి స్థానం చుట్టూ రంగుతో గీత గీయించండి. నూనె చల్లి ఆగండి. పొడుగు పానా తగిలించి మేస్త్రి దాని మీద బరువంతా వేస్తాడు. టక్‌మని శబ్దం. కదిలింది. రెండో బోల్టు రాగానే నకిల్ బయటికి వాలబోతుంది. పట్టుకోండి! వాలితే డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు ఊడుతుంది, బ్రేకు పైపు మీద బరువంతా పడుతుంది. బైండింగ్ వైరుతో కట్టేశారు. మంచిది.

పైన మౌంటింగు నట్లు విప్పాలి. హెల్పరు కుర్రాడు బానెట్‌లోకి వంగాడు. అతని పానా మధ్యలో ఉన్న పెద్ద నట్టు మీద ఉంది.

"ఆగు బాబూ! నడిమిది కాదు. పక్కవి."

అతను ఆగాడు. స్ప్రింగును నొక్కి ఉంచుతున్నది ఆ నడిమి నట్టే. మీ బరువును మించిన బలం దాని కింద ఎదురుచూస్తోంది.

పక్క నట్లు వచ్చాయి. స్ట్రట్ మొత్తం, అంటే షాకబ్జార్ స్ప్రింగుతో సహా, బల్ల మీదికి చేరింది. స్ప్రింగుకు ఎదురెదురుగా రెండు కొక్కేల బిగింపులు తగిలించారు. ఈ బిగింపులో సగం చుట్టు. ఆ బిగింపులో సగం చుట్టు. మళ్లీ ఇందులో. చుట్లు దగ్గరవుతున్నాయి. ఇనుము కిర్రుమంటోంది.

స్ప్రింగు ఒక పక్కకు వంగింది.

చూడండి. ఎడమ కొక్కెం జారుతోంది.

కొంచెమే.

ఇంకా.

బిగించాలా? వదలాలా?

చెయ్యి తియ్యండి. మొహం తిప్పండి. పై కొస గోడ వైపు ఉండాలి. మనిషి వైపు కాదు.

"ఎవరూ ముట్టుకోకండి," అంటాడు మేస్త్రి. పక్కన నిలబడి, కుడి బిగింపును పావు చుట్టు వదులుతాడు. తర్వాత ఎడమది. మళ్లీ కుడిది. కిర్రు. పావు చుట్టు. స్ప్రింగు నిటారుగా వచ్చింది. కొక్కెం తీసి, చుట్టుకు పట్టిన మట్టి వైరు బ్రష్‌తో గీకి, తిరిగి తగిలించాడు. ఈసారి జారలేదు. పై గిన్నెకూ స్ప్రింగుకూ మధ్య సందు కనపడింది. స్ప్రింగు చేతికి వదులుగా తిరుగుతోంది.

ఇప్పుడు తియ్యండి నడిమి నట్టు.

ఊపిరి పీల్చుకోండి. కొత్త స్ట్రట్‌ను నిలువుగా పట్టుకుని రాడ్డును నాలుగైదు సార్లు పూర్తిగా కిందికి నొక్కి పైకి లాగండి. పెట్టెలో పడుకున్నప్పుడు లోపలికి చేరిన గాలి పోతుంది. మొదట్లో జర్రున దిగిన రాడ్డు చివరికి ఒకే పట్టుతో దిగుతుంది. రాడ్డు తిరుగుతోందని కుర్రాడు ప్లయర్‌తో పట్టుకోబోతే వారించండి. ఒక్క గీత పడితే సీలు పోయినట్టే. స్ప్రింగు కొసను కింది గిన్నెలోని మెట్టుకు సరిగ్గా ఆనించి, నట్టు పూర్తిగా పట్టాకే కొక్కేలు వదలాలి. అవీ వంతులవారీగానే.

రెండో పక్కదీ అయ్యాక, వెనకవీ మారుస్తుంటే కారు వెనక వైపుకు రండి. ఇక్కడ స్ప్రింగు వేరు, షాకబ్జార్ వేరు, కాబట్టి పని తేలిక. విప్పేటప్పుడు మాత్రం యాక్సిల్ కింద జాకీ ఉండాలి. బుష్ ఉన్న కింది బోల్టును కారు గాల్లో ఉండగా బిగించేస్తే, దింపగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. చక్రాల మీదికి దింపాక చివరి బిగింపు వేయించండి.

మళ్లీ మడ్‌గార్డు నొక్కి వదలండి. లేచింది, ఆగింది. కానీ ఇక్కణ్నించి నేరుగా ఇంటికి పోకండి. బోల్టుల చోటు వెంట్రుకవాసి జరిగినా ముందు చక్రాల కోణం మారిపోతుంది, కొత్త టైర్లూ ఒకే అంచున అరిగిపోతాయి. అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లండి. పోయే ముందు మేస్త్రితో ఒక మాట అనుకోండి: కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక తీసుకొస్తాను, విప్పిన ప్రతి బోల్టూ మళ్లీ బిగించి చూడాలి అని.