పాడ్ లేని పాడ్‌కాస్ట్

పాడ్‌కాస్ట్ అనే మాటకి పుట్టిన తేదీ ఉంది. అలా జాతకం వేయగల మాటలు ఏ భాషలోనైనా తక్కువే. 2004 ఫిబ్రవరి 12న గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ అనే పాత్రికేయుడు, ఇంటర్నెట్‌లో కొత్తగా వస్తున్న ఆడియో కార్యక్రమాల గురించి రాస్తూ వీటిని ఏమనాలని మూడు పేర్లు విసిరాడు. ఆడియోబ్లాగింగ్, పాడ్‌కాస్టింగ్, గెరిల్లా మీడియా. పేజీ నిండడానికి ఇంకో వాక్యం కావాలంటే అలా రాశానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఖాళీ పూడ్చిన ఆ మాటే మరుసటేడు న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు వారి 'ఈ ఏటి మాట' అయింది.

'పాడ్' పాటలు వినే పరికరం ఐపాడ్ నుంచి వచ్చింది. ఐపాడ్‌కి ఆ పేరు సూచించిన విన్నీ చీకో మనసులో ఉన్నది '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో పెద్ద నౌక నుంచి బయటికి వెళ్లే చిన్న వాహనం. ఇంగ్లీషులో ఆ మాటకే చిక్కుడుకాయ, బఠాణీకాయ వంటి కాయ అనే అర్థం కూడా ఉంది. 'కాస్ట్' బ్రాడ్‌కాస్ట్ తోక. రేడియో పుట్టకముందు బ్రాడ్‌కాస్ట్ రైతుల మాట, గుప్పిట గింజలు పట్టి చేనంతా చల్లడం. వరిలో మనం వెదజల్లే పద్ధతి అంటామే, అదే. ఎవరూ తలపెట్టకుండానే కాయా, వెదా ఒకే మాటలో కలిశాయి. తెలుగు చెవికి మాత్రం ముందు తగిలేది 'పాడు'. పాట పాడడమా, పాడైపోవడమా అన్నది కార్యక్రమాన్ని బట్టి ఉంటుంది.

రేడియోకి మనవాళ్లు పురాణంలోంచి పేరు తెచ్చారు. 1930లలో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి తన కేంద్రానికి పెట్టుకున్న ఆకాశవాణి పేరే తర్వాత దేశమంతటిదీ అయింది. ఆకాశవాణి పలికితే వినాల్సిందే. కంసుడి చేతిలో దాన్ని ఆపే మీట లేదు.

పాడ్‌కాస్ట్ తీరు దీనికి పూర్తిగా ఎదురు. 2000లో డేవ్ వైనర్ అనే ప్రోగ్రామరు, ఒక సైటులో కొత్తగా వచ్చినవాటి జాబితాని అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో ఆడియో ఫైలు చిరునామాకి చిన్న చోటు పెట్టాడు. 2004లో ఆడం కర్రీ తెచ్చిన ఐపాడర్ అనే ప్రోగ్రాం ఆ ఫైళ్లను ఐపాడ్‌లోకి దించింది. ఇక్కడ ఎవరూ ఏమీ చల్లడం లేదు, కావలసినవాడి యాప్ వెళ్లి తెచ్చుకుంటోంది. 'కాస్ట్' అలా అబద్ధమైంది. ఐపాడ్ 2022లో ఆగిపోయింది కనుక 'పాడ్' కూడా పోయింది. అయినా దీనికి శ్రవ్యమాలిక లాంటి పేరేదో అల్లడం దండగ. రేడియోని రేడియో అనే కదా అంటున్నాం.

ఇద్దరు మైకుల ముందు కూర్చున్న ప్రతి వీడియోనీ ఇప్పుడు పాడ్‌కాస్ట్ అనేస్తున్నారు. నా మట్టుకు ఫీడ్ ఉన్నదే పాడ్‌కాస్ట్. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినప్పుడు శ్రోతలు తమ చందాల జాబితాని ఓపీఎంఎల్ ఫైలుగా తీసుకుని వేరే యాప్‌కి మారగలిగారంటే ఆ ఫీడ్ వల్లే. ఒక్క యాప్‌లోనే దొరికే కార్యక్రమానికి ఆ వీలు లేదు.

అలా మారే వీలున్న యాప్ కావాలంటే ఆండ్రాయిడ్ ఫోనుకి యాంటెన్నాపాడ్ ఉంది, ఉచితం, ప్రకటనలు ఉండవు. ఐఫోనులోనూ నడిచేది కావాలంటే పాకెట్ కాస్ట్స్ ఉంది. రెండూ ఓపీఎంఎల్ ఇస్తాయి, పుచ్చుకుంటాయి. హర్షణీయం లాంటి తెలుగు పాడ్‌కాస్ట్‌ల కోసం వెతికేటప్పుడు పేరుని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి కొట్టి చూడండి.