ఖాళీ పేజీ కింద సంతకం

1996 ఎండాకాలం. తాండూరులో మా ఇంటి గడప ముందు ఒక పిల్ల వచ్చి నిలబడింది. పిల్ల అంటున్నాను గానీ, అప్పటికే ఆమె వార్డు మెంబరు. ఇరవై రెండేళ్ళుంటాయి. నా దగ్గర ఏడో తరగతి దాకా చదివి, బడి మానేసి నాపరాయి పాలిష్ యూనిట్లో కూలికి పోయింది. చీర అంచుకు ఇంకా బండల దుమ్ము అంటుకునే ఉంది.

"టీచరమ్మా, తీర్మానాల పుస్తకంల సంతకం పెట్టుమంటున్నరు. మీదంత ఖాళీగనే ఉన్నది. పెట్టాల్నా?"

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసింది. 1995 ఎన్నికల్లో స్థానిక సంస్థల్లో మూడోవంతు స్థానాలు ఆడవాళ్ళకు దక్కాయి. అలా కుర్చీ దొరికింది. ఆ కుర్చీలో కూర్చుని ఏం చదవాలో, ఏం అడగాలో చెప్పే మనిషి మాత్రం ఆ పిల్లకు దొరకలేదు. అందుకే పాత పంతులమ్మను వెతుక్కుంటూ వచ్చింది.

"పెట్టకు బిడ్డా. ముందు రాయమను. చదివినంక పెట్టు" అన్నాను.

ఆ మాట చెప్పడం తేలిక. దాని ఖరీదెంతో తర్వాత తెలిసింది. ఆ ఖరీదు తెలిశాకే నాకు సంగం లక్ష్మీబాయి జీవితం సరిగ్గా అర్థమైంది.

ఒకప్పుడు మా వికారాబాద్ పేరుతోనే ఒక లోక్‌సభ స్థానం ఉండేది. 1957లో అక్కడినుంచి గెలిచి పార్లమెంటుకు వెళ్ళారు లక్ష్మీబాయి. 1962లోనూ అక్కడినుంచే గెలిచారు. 1967లో మెదక్ నుంచి పోటీ చేసి మళ్ళీ గెలిచారు. నేను పిల్లలకు ఎన్నికల పాఠం చెప్పినప్పుడల్లా ఈ సంగతి చెప్పేదాన్ని. గెలుపు దగ్గరే పాఠం ఆపేసేదాన్ని. అసలు కథ అంతకు ముందుంది.

ఆమె పుట్టింది 1911లో, ఘట్‌కేసర్‌లో. నిజాం రాజ్యంలో ఆడపిల్లకు తెలుగులో చదువు దొరకడమే గగనం. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఆమె చదువుకోసం సరిహద్దు దాటి గుంటూరు శారదా నికేతనానికి చేరారు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆడపిల్లల కోసం నడిపిన చోటు అది. వితంతువుల గోడు విని వాళ్ళకు నీడ కల్పించాలని అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పూనుకున్న జంట వాళ్ళు. అక్కడ పడుకోవడానికి చోటుంది, తినడానికి తిండి ఉంది, చదవడానికి పుస్తకం ఉంది. ఉప్పు సత్యాగ్రహం వచ్చేసరికి లక్ష్మీబాయికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఉద్యమంలోకి దూకి ఏడాది జైల్లో ఉన్నారు. ఆ అనుభవాలను తర్వాత పుస్తకంగా రాశారు.

అదే కాలంలో తెలంగాణలో ఆంధ్ర మహాసభతో పాటు మహిళాసభలూ మొదలయ్యాయి. 1930లో జోగిపేటలో మొదటి సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. 1936లో సభ మనకు దగ్గరున్న షాద్‌నగర్‌లో జరిగింది. మరుసటి ఏడు నిజామాబాద్ సభకు అధ్యక్షత వహించిన నందగిరి ఇందిరాదేవికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. అంత చిన్నపిల్లను పెద్దపీట మీద కూర్చోబెట్టి పెద్దలు ఎదురుగా కూర్చుని విన్నారు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

1952లో లక్ష్మీబాయి హైదరాబాద్ శాసనసభకు వెళ్ళారు. ఆ ఏడే సైదాబాద్‌లో అనాథ బాలికల కోసం ఇందిరా సేవాసదన్ పెట్టారు. 1954 నుంచి 1956 దాకా విద్యాశాఖ ఉపమంత్రి. పదవితో పాటే పిల్లలకు నీడ కూడా కల్పించారు. తనకు గుంటూరులో దొరికినదాన్ని హైదరాబాద్‌లో ఇంకొకరికి అందించారు.

మళ్ళీ మా పిల్ల సంగతికొస్తాను. మర్నాటినుంచి ఇంకో ఇద్దరు మెంబర్లను వెంటబెట్టుకుని వచ్చేది. చట్టం పుస్తకం ముందర పెట్టుకుని నోటీసు, ఎజెండా, కోరం, తీర్మానం, ఈ నాలుగు మాటలూ నేర్చుకున్నాం. వానాకాలంలో ఒక సమావేశంలో లేచి, "మా బస్తీకి బోరింగు రాసినంకనే సంతకం" అంది. రాయించింది. ఆ మర్నాడు పనిచోట "రేపటినుంచి రావొద్దు" అన్నారు. ఇంట్లో గొడవైంది. మూడు రాత్రులు మా ముందరి గదిలో చాప పరుచుకుని పడుకుంది. నా చేతిలో పుస్తకం ఉందని మురిసిపోయానే గానీ, ఎదురు మాట్లాడిన రాత్రి ఆడపిల్ల ఎక్కడ పడుకుంటుందని అంతకు ముందు నేను ఆలోచించనే లేదు. గుంటూరులో ఆ దంపతులు ముందే ఆలోచించారు.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఆడవాళ్ళకు సగం స్థానాలు. 2023లో 106వ సవరణ శాసనసభల్లో, లోక్‌సభలో మూడోవంతు ఇస్తానంది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాక అది అమలవుతుంది. పంచాయతీకి ఇరవై ఒక్క ఏళ్ళకే పోటీ చేయవచ్చు. ఆ వయసు పిల్లకు రాజకీయం నేర్పుతామనేవాళ్ళు ముందు హాస్టల్లో మంచం, పొద్దుగూకినాక ఇంటికి బస్సు, పని పోయిన నెలకు గింజలు చూడాలి. ఉపన్యాసం తర్వాత.

ఆ ముందరి గదిలోనే ఇప్పుడు ఆదివారాలు డిగ్రీ పిల్లలు కూర్చుంటారు. కొత్తగా మెంబరైన ఒక అమ్మాయి మొన్న సంతకం చేసే ముందు, తీర్మానానికీ తన పేరుకూ మధ్య మిగిలిన రెండు ఖాళీ వరసల మీద అడ్డగీత కొట్టానని చెప్పింది. అది నేను నేర్పింది కాదు. ఎవరు చెప్పారని అడిగితే, గోడకానుకుని కూర్చున్న, యాభై దాటిన మా పాత మెంబరు వైపు చూసింది.