1921 నాటి పల్లెపాటలు: కృష్ణామండలపు మెట్టసీమ

ఒక యేట దేశమున నే పాట మిక్కిలి ప్రచారము నందెనో నిర్ణయించుటకు నేటివారికి సాధనములు పెక్కు గలవు. 1921వ సంవత్సరమున నట్టివి లేవు. మదరాసు రేడియో కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రసారముల నారంభించినవి. గ్రామఫోను పట్టణములందలి ధనికుల యిండ్లు దాటి పల్లెలకు విరివిగా రాలేదు. అయినను ఆ యేటి పాటల వ్యాప్తిని గ్రహించుటకు మూడువిధములైన సాక్ష్యములు మిగిలియున్నవి. పాడినవానికి న్యాయస్థానము విధించిన శిక్ష యొకటి. రచనపై ప్రభుత్వము విధించిన నిషేధము రెండవది. ఒక పాట వరుసను, పల్లవిని గైకొని యింకొకరు కట్టిన మారుపాట మూడవది. మొదటి రెండును దేశోద్యమచరిత్రలలో దరచుగా బేర్కొనబడుచున్నవి. మూడవదానికి దగిన స్థానము లభింపలేదు. కాని ఒక పాట ప్రజల సొత్తైనదనుటకు, అది ఎవరి సొత్తు కాలేదో తెలిసికొనుటకును, ఈ మూడవ సాక్ష్యమే ముఖ్యమైనది.

ఈ విచారణకు గృష్ణామండలపు మెట్టసీమ యనుకూలమైన స్థలము. బెజవాడనుండి హైదరాబాదునకు బోవు బాటపై పరిటాల, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట వరుసగా నున్నవి. ఈ సీమ నేడు 2022లో నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. 1921లో నిది మదరాసు రాజధానియందలి కృష్ణామండలమున నందిగామ తాలూకాగా నుండెను. పరిటాల మాత్రము చుట్టును ఇంగ్లీషువారి సీమయే యున్నను, నిజాము ప్రభుత్వమునకు జెందియుండెను. బెజవాడనుండి హైదరాబాదు రాజ్యమునకు బోవు రైలుమార్గము కొండపల్లి, మధిరల మీదుగా బోవుటచే కంచికచర్ల ప్రాంతపు జనులకు బండిబాటయే ప్రధానమార్గము. వార్తయు, వర్తకమును, పాటయు ఆ బాటనే రావలసియుండెను.

ఈ సీమకు బాట కొత్తది గాదు. జొన్నచేలలో గలుపుదీయు స్త్రీల పాటలు, మోట తోలువాని పాటలు, దంపుళ్ల పాటలు, కోలాటములు, చెక్కభజనలు, జంగముల కథలు కృష్ణాతీరపు మెట్టపల్లెలలో జీవనముతో బెనవైచుకొన్నవి. మునేటి యొడ్డున బెనుగంచిప్రోలునందు దిరుపతమ్మ తిరునాళ్లకు వేలకొలది జనులు బండ్లు గట్టుకొని వచ్చుట తరతరముల యాచారము. అమ్మవారి చరిత్రమే పాటగా బాడబడుచుండును. ఇట్టి పాటల ప్రాచీనతను గూర్చి పండితులకు సందేహము లేదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున దుమ్మెదపదములు, ప్రభాతపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు మున్నగువానిని బేర్కొనియున్నాడు. క్రీడాభిరామమున వీరగాథలను బాడు స్త్రీల ప్రసక్తి గలదు. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌనుదొర వీరగాథలను వ్రాయించి భద్రపరచెను. 1874లో బోయిల్ అను నాంగ్లేయుడు కొన్ని తెలుగు వీరగాథలను ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికయందు బ్రకటించెను. కాని ఈ సేకరణము లన్నియు బూర్వవీరులను గూర్చిన పాటలకే ప్రాధాన్య మిచ్చినవి. ఆనాటి వార్తను ఆనాడే పాడిన పాటలు వారి దృష్టికి దూరముగనే యుండినవి.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసుసంఘము బెజవాడయందు సమావేశమయ్యెను. తిలక్ స్వరాజ్యనిధికి గోటి రూపాయలు, కాంగ్రెసునకు గోటిమంది సభ్యులు, దేశమున నిరువదిలక్షల రాట్నములు సమకూర్పవలెనని యచట దీర్మానించిరి. గాంధీమహాత్ముని జూచుటకు నలుదిక్కుల పల్లెలనుండి జనులు బెజవాడకు దరలివచ్చిరి. ఈ సమావేశపు బనులలో బాటుపడినవారిలో నిరువురు ఈ మెట్టసీమవారు. అయ్యదేవర కాళేశ్వరరావు నందిగామలో జన్మించినవాడు. ఆయనయే 1956లో ఆంధ్రప్రదేశ శాసనసభకు బ్రథమాధ్యక్షుడయ్యెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889లో బెనుగంచిప్రోలునందు జన్మించినవాడు. అంతటి జనసమ్మర్దమును అదుపున నుంచినది ఆయన తీర్చిదిద్దిన రామదండు.

సహాయనిరాకరణ సందేశమును చదువురాని జనులకు జేర్చుటకు ఉపన్యాసము చాలదు. ఉపన్యాసము విన్నవాడు దానిని దిరిగి చెప్పజాలడు. పాట విన్నవాడు తిరిగి పాడగలడు. ఈ భేదమే 1921లో బాటకు రాజ్యాంగ ప్రాధాన్యమును దెచ్చినది. నాటకరంగమునను ఇదియే జరిగెను. గుంటూరుమండలమునందు దామరాజు పుండరీకాక్షుడు రచించిన జాతీయనాటకములు ప్రభుత్వ నిషేధమునకు గురియైనవి.

ఆ యేటి పాటలలో నగ్రగణ్యమైనది గరిమెళ్ల సత్యనారాయణ రచించిన “మాకొద్దీ తెల్లదొరతనము”. ఈయన 1893లో నేటి శ్రీకాకుళము జిల్లాలోని గోనెపాడున జన్మించి, బి.ఏ. చదివి, కొంతకాలము గంజాము కలెక్టరు కచేరీలో గుమాస్తాగను, పిమ్మట విజయనగరమున నుపాధ్యాయుడుగను బనిచేసెను. సహాయనిరాకరణమున జేరి, రాజమహేంద్రవరపు వీధులలో దన పాటను దానే పాడెను. 1922లో న్యాయస్థాన మాయనకు ఒక సంవత్సరము కఠినశిక్ష విధించెను. విడుదలయైన పిమ్మట ఆయన మరల పాడెను. మరల శిక్ష నొందెను. తెలుగురాని కలెక్టరు ఆ పాటను బాడించుకొని విని, అర్థము తెలియకున్నను దాని బలము తెలిసినదని పలికెనను కథ ప్రచారమున నున్నది. కథ యట్లుండనిండు, శిక్షలు రెండును ఆ పాట బలమును జెప్పుటకు జాలును.

దాని వ్యాప్తికి గారణము రచనావిధానముననే కలదు. పల్లవి యొక్కటే భావమును జెప్పును. అది వినినంతనే నోటికి వచ్చును. పాటగాడు చరణమును బాడగా జనులందఱు పల్లవి నందుకొందురు. చరణములు కథవలె నొకదాని వెనుక నొకటి కట్టుపడియుండక, ఒక్కొక్కటి ఒక్కొక్క బాధను, ఉప్పుపై ఆంక్షను, కల్లు సారాయములను, కచేరీల వ్యాజ్యములను, చదువుల దుస్థితిని, వేరువేరుగ జెప్పును. కావున ఒక చరణము మరచినను పాట చెడదు. క్రొత్త చరణమును జేర్చినను పాట నిలుచును. ఇది కోలాటపు పాటకును, చెక్కభజనకును జిరపరిచితమైన మార్గము. గరిమెళ్ల జనులకు గ్రొత్త పాటను నేర్పలేదు. వారికి దెలిసిన పాటలో గ్రొత్త మాటను నిలిపెను.

ఆ మాట వాడుకతెలుగు. ఇది పండితులు గమనింపదగిన విషయము. 1911లో నాంధ్రసాహిత్యపరిషత్తు గ్రాంథికభాషాపక్షమును, 1919లో వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజము వ్యావహారికభాషాపక్షమును వహించి స్థాపితములైనవి. ఇరుపక్షముల వాదములును పత్రికలలో సాగుచుండగా, బాట ఆ వాదముతో సంబంధము లేకయే చేలలోను వీధులలోను సంచరించెను. పాఠశాలలో నొక మర్యాద, పాటలో నొక మర్యాద యని ప్రజలు తమలో దామే తీర్పు చెప్పుకొనిరి.

మార్గదేశిభేదమును బాటించు పండితుడు పల్లెపాట నాదరింపడను మాట దుగ్గిరాల గోపాలకృష్ణయ్య విషయమున నిజము గాదు. ఎడింబరోలో జదివి యెం.ఏ. పట్టమందిన యీయన, ఆనందకుమారస్వామితో గూడి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించెను. ఆ గ్రంథమును 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయము ప్రకటించినది. భరతశాస్త్రమును పాశ్చాత్యులకు వినిపించిన యా విద్వాంసుడే తోలుబొమ్మలాటను, వీధిభాగవతమును, శ్రమజీవుల పాటలను నెత్తిన బెట్టుకొనెను. చీరాల పేరాలలపై బురపాలకసంఘమును బన్నుభారమును రుద్దుటకు నిరసనగా, 1921లో వేలకొలది జనులు ఇండ్లు విడిచి రామనగరను పేర బాకలు వేసికొని సుమారు పదునొకండు నెలలు కాపురముండిరి. వారిని నడపినవా డీయనయే. ఎండలోను వానలోను పాకలలో నున్న జనుల ధైర్యమును నిలుపుటకు రామదండు వేషము, భజన, పాట సాధనములైనవి. ఆ యేటనే బరంపురమున నిర్బంధింపబడి యాయన తిరుచిరాపల్లి కారాగారమున ఒక సంవత్సరము గడపెను. 1928లో క్షయవ్యాధిచే మరణించునాటికి ఆయనకు ముప్పదితొమ్మిదేండ్లు మాత్రమే. పెనుగంచిప్రోలు తిరునాళ్లకును హార్వర్డు ముద్రణమునకును నడుమ ఒక్కని జీవితమున విరోధము లేకపోయెను.

1921 సెప్టెంబరులో మధురయందు గాంధీమహాత్ముడు కొల్లాయి ధరించుటకు నిశ్చయించెను. బెజవాడ చెంతనున్న పటమటలో జన్మించిన బసవరాజు అప్పారావు (1894-1933) కట్టిన “కొల్లాయి గట్టితేనేమి” అను గేయము ఆ వేషమునే వస్తువుగా గైకొనినది. ఇది 1938లో మాలపిల్ల చలనచిత్రమున జేరి మరింత ప్రచారమందెను. అంటరానితనమును నిరసించు కథ గల చిత్రమున నీ గేయము చేరుట విశేషము. వీధిపాట యంత్రముమీది కెక్కిన మార్గమునకు నిది యొక నిదర్శనము.

ఇక మూడవ సాక్ష్యము. గరిమెళ్ల పాట పల్లవిని రాజమహేంద్రవరవాసియైన కుసుమ ధర్మన్న (1900-1946) గైకొని, ఒక్క మాటను మార్చి, “మాకొద్దీ నల్లదొరతనము” అని పాట కట్టెను. తెల్లవాని దొరతనము దుస్సహమని పాడువారు తమ యూళ్లలో నంటరానివారిపై నెరపు దొరతనమును వదలుకొందురా యని యాతని ప్రశ్న. ఈ ప్రశ్న అకస్మాత్తుగా బుట్టినది గాదు. 1917 నవంబరులో బెజవాడయందే ఆంధ్రదేశ పంచమమహాసభ భాగ్యరెడ్డివర్మ యధ్యక్షతను జరిగి, పంచమశబ్దమును ద్రోసిపుచ్చి, తమ్ము నాదిఆంధ్రులని వ్యవహరింపవలెనని కోరియుండెను. కాంగ్రెసుసభకు మూడేండ్లకు బైగా బూర్వము అదే పట్టణమున నీ మాట వినబడినది.

ధర్మన్న గరిమెళ్లను నిరాకరింపలేదు. ఆయన పాటను సంపూర్ణమొనర్చెను. ఎల్లరకు దెలిసిన వరుస కాకున్నచో నాతని మార్పు ఎవరికిని దగులదు. విన్నవాని చెవి మొదటి పాటను జ్ఞప్తికి దెచ్చుకొనును. మారిన యొక్క మాట వానిని నిలువరించును. మొదటి పాట ఎంత ప్రసిద్ధమో రెండవ పాట యంత పదునైనది. పల్లెలో కూలిజనముతో గలిసి పల్లవి నందుకొన్నవాడు, అదే పల్లవి తనవైపు తిరిగినపుడు పాడునా, మానునా? “మాకు” అను సర్వనామమున నెవరెవరు చేరుదురు? 1921 నాటి పాటల చరిత్రమున నిదియే ప్రధానప్రశ్న. ఒక్క పాటను మాత్రమే పేర్కొని రెండవదానిని విడుచు చరిత్రకారు డా ప్రశ్నను దాటవేయుచున్నాడు.

1922 ఫిబ్రవరిలో జౌరీచౌరా ఘటన పిమ్మట గాంధీమహాత్ము డుద్యమమును నిలిపివేసెను. పాట నిలువలేదు. 1943 తరువాత బ్రజానాట్యమండలి బుర్రకథలు కృష్ణా గుంటూరు మండలముల బల్లెలలో మారుమ్రోగినవి. 1947లో దెల్లదొరతనము పోయెను. నల్లదొరతనమును గూర్చిన ప్రశ్నకు మాత్రము కంచికచర్ల భయంకరమైన సమాధానమును జూచినది. 1968లో ఆ యూర నొక దళితయువకుని దొంగతనము మోపి సజీవదహనము గావించిరి. ఆ వార్త దేశమంతట సంచలనము గలిగించెను. ధర్మన్న పాట కట్టి దశాబ్దములు గడచినను దాని ప్రశ్న పాతబడలేదని ఆ మంట చాటెను.

ఆ కంచికచర్లయందే కలేకూరి ప్రసాద్ జన్మించెను. 2013లో మరణించునాటికి ఆయన కవిగను, పాటల రచయితగను, అనువాదకుడుగను బ్రసిద్ధుడు. “పిడికెడు ఆత్మగౌరవం కోసం” అను నాయన కవితలో నా దహనకాండ ప్రస్తావన గలదు. వరకట్నపుజావులను గూర్చి యాయన కట్టిన “కర్మభూమిలో పూసిన ఓ పువ్వా” అను పాట సభలలోను వీధులలోను గర్త పేరు తెలియనివారిచేతను బాడబడినది. గరిమెళ్ల పాటకు బట్టిన గతియే దీనికిని బట్టెను: పాట యందఱి దయ్యెను, కర్త మరుగుపడెను. గరిమెళ్ల మదరాసులో బత్రికారచనచే బొట్ట పోసికొని, కడు పేదరికమున 1952 డిసెంబరు 18వ తేదీన మరణించెను. ఆయన పాటను బాడినవారిలో గొందఱు మంత్రులైరి.

జానపదగేయమునకు గర్త యుండడను లక్షణము పాఠ్యగ్రంథములలో గానవచ్చును. 1921 నాటి పాటలు ఆ లక్షణమును సవరింపుమని కోరుచున్నవి. వానికి గర్తలు గలరు. కర్తలు శిక్ష లనుభవించిరి. వ్యాప్తిచే వారి పేళ్లు మరువబడినవి గాని పుట్టుకచే లేకపోలేదు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపదగేయసాహిత్యముపై బరిశోధన మొనర్చిన పిమ్మట నీ శాఖకు విశ్వవిద్యాలయములలో గౌరవము గలిగినది. అయినను నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేటల వంటి యొక్కొక్క సీమను బట్టి, ఒక్కొక్క సంవత్సరమును బట్టి, పాటల పట్టికలు సిద్ధము గావలసియున్నవి. పాఠశాలల పండితులు తమ విద్యార్థులచే ముదుసలుల నోటి పాటలను వ్రాయించునపుడు మాటలు మాత్రమే చాలవు. వరుస యేదో, ఏ పనిలో బాడిరో, ఎవరు పల్లవి నందుకొనిరో, ఏ వాడలో నది పాడబడలేదో కూడ వ్రాయింపవలెను. ఊరి నడుమ బాడిన పాటయు, ఊరి వెలుపలి వాడలో బాడిన మారుపాటయు ఒకే పుటలో జేరిననే ఆ యేటి చరిత్రము సమగ్రమగును.