ఆంగ్ల క్రియ – అనుబంధ పదం: యోగార్థం నుండి రూఢ్యర్థానికి సాగిన చరిత్ర

ఆంగ్లంలో 'గివ్' అంటే ఇచ్చు, 'అప్' అంటే పైకి. ఈ రెండు పదాలూ తెలిసిన విద్యార్థికి 'గివ్ అప్' అన్న ప్రయోగం ఎదురైతే 'పైకి ఇచ్చు' అన్న అర్థం తోస్తుందే గాని 'విడిచిపెట్టు' అన్న అర్థం స్ఫురించదు. 'లుక్ ఆఫ్టర్' అంటే వెనుక చూచుట కాదు, సంరక్షించుట. 'పుట్ అప్ విత్' అంటే సహించుట. ఆంగ్లం నేర్చే తెలుగువారికి పెద్ద పదాల కంటె ఈ చిన్న పదాల కలయికలే ఎక్కువ చిక్కు కలిగిస్తాయి. వీటిని కారణం లేని ఆచారాలుగా భావించి కంఠస్థం చేయించడం బోధనలో స్థిరపడిన పద్ధతి. అయితే ఈ కలయికలకు సుమారు వెయ్యేండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను పరిశీలించి, వీటి అర్థ పరిణామంలో ఒక క్రమం ఉన్నదని నిరూపించడం, ఆ క్రమాన్ని సంస్కృతాంధ్రాల శబ్ద నిర్మాణంతో పోల్చడం ఈ వ్యాసం లక్ష్యం.

మూడు విధాలైన కలయికలు

భారతీయ శాస్త్రకారులు శబ్దాలను యౌగికాలు, రూఢాలు, యోగరూఢాలు అని విభజించారు. ఈ విభజన ఆంగ్ల క్రియలకు చక్కగా అన్వయిస్తుంది. 'గో అవుట్' అన్నప్పుడు వెళ్ళుట, వెలుపలికి అన్న రెండర్థాలూ నిలిచి ఉంటాయి. ఇది యౌగికం. 'ఈట్ అప్' అన్నప్పుడు తినుట అన్న అర్థం నిలిచినా 'అప్' పై దిక్కును గాక పూర్తిని సూచిస్తుంది. అవయవార్థం కొంత, ప్రసిద్ధి కొంత కలసినది కనుక దీనిని యోగరూఢంతో పోల్చవచ్చు. 'గివ్ అప్'లో నేటి వ్యవహర్తకు అవయవార్థం తోచదు. అది రూఢం.

అర్థభేదంతో పాటు వాక్యనిర్మాణ భేదం కూడ ఉన్నది. 'లుక్ ఇంటు'లోని 'ఇంటు' నిజమైన ప్రిపోజిషన్. తన తరువాతి నామాన్ని విడిచి అది కదలదు. 'లుక్ అప్ ద వర్డ్' అన్నప్పటి 'అప్' అట్టిది కాదు. 'లుక్ ద వర్డ్ అప్' అనీ అనవచ్చును. కర్మస్థానంలో సర్వనామం ఉన్నచో 'లుక్ ఇట్ అప్' అనే అనవలెను. కదలగలిగిన ఈ పదాన్ని ఈ వ్యాసంలో అనుబంధ పదమని వ్యవహరించడమైనది.

ఉపసర్గల క్షీణత

ప్రాచీనాంగ్లంలో క్రియార్థాన్ని మార్చే పని ప్రధానంగా ఉపసర్గలది. 'ఫర్', 'టో', 'బె', 'గె' వంటివి ధాతువుకు ముందు చేరి దానితో ఏకపదమయ్యేవి. 'ఫర్‌బ్యార్నన్' అంటే పూర్తిగా కాల్చివేయుట. 'టోబ్రెకన్' అంటే ముక్కలుగా విరుగగొట్టుట. నేటి ఆంగ్లం ఈ భావాలకు 'బర్న్ అప్', 'బ్రేక్ అప్' అంటుంది. నాటి ఉపసర్గ క్రియలలో 'అండర్‌స్టాండ్', 'ఫర్‌గివ్', 'విత్‌స్టాండ్' వంటివి కొన్ని మాత్రమే మిగిలాయి. 'విత్‌స్టాండ్'లోని 'విత్' ఒకప్పుడు ఎదురుగా అన్న అర్థం కలది. తరువాతి కాలంలో ఆ పదానికి తోడుగా అన్న అర్థం స్థిరపడినా, క్రియలో మాత్రం పాత అర్థం శిలాజం వలె నిలిచిపోయింది.

ఈ క్షీణతకు మూడు కారణాలు కన్పిస్తాయి. మొదటిది ధ్వని సంబంధమైనది. ఊనిక లేని ఉపసర్గలు ఉచ్చారణలో బలహీనపడ్డాయి. 'గె' క్రమంగా ఇకార మాత్రమై, తుదకు లోపించింది. రెండవది పదక్రమ పరిణామం. క్రియ కర్మకు ముందు నిలిచే పద్ధతి స్థిరపడిన కొద్దీ, 'అప్', 'అవుట్' వంటి పదాలు క్రియకు తరువాతి స్థానంలో నిలిచాయి. మూడవది స్కాండినేవియన్ సంపర్కం. ఇంగ్లండు ఉత్తర, ప్రాచ్య భాగాలలో స్థిరపడిన నార్స్ ప్రజల భాషలో ఉపసర్గలు అప్పటికే చాలవరకు లోపించి, క్రియానంతర పదాలే వాటి పని చేస్తూ ఉండేవి. ఈ సంపర్కం ఎంత బలమైనదన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. అయినా నేడు ఇట్టి కలయికలలో తరచుగా కన్పించే 'టేక్', 'గెట్', 'కాల్' అనే క్రియలు నార్స్ నుండి వచ్చినవే కావడం గమనింపదగినది.

పీటర్‌బరో మఠంలో 1154 వరకు కొనసాగిన వార్షిక చరిత్ర ఈ మార్పుకు ముఖ్య సాక్ష్యం. స్టీఫెన్ రాజు సాలిస్‌బరీ బిషప్ రోజర్‌ను, అతని బంధువులను బంధించి, వారు తమ కోటలను వదలుకొనే వరకు చెరలో ఉంచిన వృత్తాంతం అందులో ఉన్నది. ఆ వదలుకొనుటను చెప్పడానికి లేఖకుడు వాడినది 'గివ్ అప్' ప్రయోగపు ప్రాచీన రూపమే. అక్కడ విడిచినది కంటికి కన్పించే కోట. తరువాతి కాలంలో ఆశను, అలవాటును, ప్రయత్నాన్ని విడుచుటకు కూడ ఆ మాటే చెల్లింది. మూర్తం నుండి అమూర్తానికి జరిగిన ఈ ప్రసరణమే లక్షణకు మూలం.

గౌరవ తారతమ్యం

1066లో నార్మనుల విజయానంతరం పాలనకు, న్యాయానికి, విద్యకు ఫ్రెంచి, లాటిన్ భాషలు ఆధారమైనాయి. ఆ భాషల నుండి వచ్చిన క్రియలు గంభీర రచనకు తగినవిగా, దేశీయమైన కలయికలు నిత్య వ్యవహారానికి తగినవిగా భావింపబడినాయి. 'పోస్ట్‌పోన్' పండితుల మాట, 'పుట్ ఆఫ్' ఇంటి మాట. తెలుగులో 'పరిత్యజించు', 'విడిచిపెట్టు' అన్న మాటల నడుమ ఉన్న అంతరం ఇట్టిదే. విశేషమేమనగా, 'పోస్ట్‌పోన్'కు మూలమైన లాటిన్ పదం కూడ తరువాత, ఉంచు అన్న రెండర్థాల కలయికే. నిర్మాణం ఒక్కటే, ఒకదానిలోని అతుకు కన్పించదు, రెండవదానిలో కన్పిస్తుంది. కన్పించని అతుకుకే గౌరవం దక్కింది.

పదునేడవ శతాబ్దిలో ఈ తారతమ్యం నియమ రూపం ధరించింది. జాన్ డ్రైడెన్ 1672లో బెన్ జాన్సన్ రచనలో వాక్యాంతంలో నిలిచిన ప్రిపోజిషన్లను దోషంగా ఎత్తిచూపాడు. 1668లో వెలువడిన తన నాటక విమర్శ గ్రంథాన్ని 1684లో సవరించినప్పుడు అట్టి వాక్యాలను తానే మార్చుకొన్నాడు. 1762లో వ్యాకరణం ప్రకటించిన రాబర్ట్ లౌత్ ఇంత కఠినుడు కాడు. ఆ వాడుక సంభాషణకు తగినదేనని, గంభీర రచనకు మాత్రం రెండవ పద్ధతి మేలని అతని అభిప్రాయం. అతని సూచన తరువాతివారి చేతిలో నిషేధంగా మారింది. ఒక భాష నియమాలను మరొక భాష కొలమానంతో నిర్ణయించడం వలన కలిగే చిక్కు, సంస్కృత మర్యాదతో తెలుగును కొలిచిన సందర్భాలు ఎరిగినవారికి కొత్త కాదు.

నిఘంటుకారుల దృష్టి

వ్యాకర్తలు సందేహించిన చోట నిఘంటుకారులు ముందడుగు వేశారు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువు పీఠికలో ఈ కలయికలను ప్రత్యేకంగా పేర్కొన్నాడు. ఇవి ఇతర భాషలలో కంటె ఆంగ్లంలో అధికమని, పరదేశీయులకు మిక్కిలి కష్టం కలిగించేవి ఇవేనని గుర్తించి, 'ఫాల్ ఆన్' అంటే దాడిచేయుట, 'గివ్ ఓవర్' అంటే మానుట, 'సెట్ అవుట్' అంటే ప్రయాణం ఆరంభించుట అని ఉదాహరణలిచ్చాడు. వాటిని శ్రద్ధతో సేకరించాడు.

'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు మాత్రం ఇరువదవ శతాబ్దిది. లోగన్ పియర్‌సాల్ స్మిత్ 1925 నాటి తన గ్రంథంలో ఈ పేరును వాడుతూ, దీనిని సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని తెలిపాడు. 1930లో సి. కె. ఆగ్డెన్ 850 పదాలతో 'బేసిక్ ఇంగ్లిష్'ను రూపొందించి, క్రియలను అతి స్వల్పంగా కుదించాడు. క్రియలు తగ్గిన కొద్దీ భారమంతా 'గివ్ అప్', 'గెట్ ఓవర్' వంటి కలయికలపై పడింది. పదసంఖ్య తగ్గినంత మాత్రాన కష్టం తగ్గదని ఈ ప్రయోగం తెలుపుతుంది. 1971లో డ్వైట్ బోలింజర్ ఈ విషయంపై ప్రత్యేక గ్రంథం ప్రకటించాడు. 1981లో సూసన్ లిండ్నర్ 'అప్', 'అవుట్' పదాలను పరిశీలించి, వాటి లాక్షణికార్థాలు స్థలభావన నుండి పరస్పర సంబంధంతో విస్తరించినవే గాని యాదృచ్ఛికాలు కావని వాదించింది. పాత్రలో నీరు నిండే కొద్దీ మట్టం పైకి చేరుతుంది. పైకి చేరుట, నిండుట ఒకే అనుభవంలోనివి. 'అప్' పూర్తిని సూచించడానికి ఇట్టి అనుభవం ఆధారమని ఊహింపవచ్చు.

సంస్కృతాంధ్రాలతో పోలిక

సంస్కృతంలో 'హృ' ధాతువు ఒక్కటే ఉపసర్గ భేదం వలన ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అన్న భిన్నార్థాలనిస్తుంది. పాణిని ఉపసర్గలను ధాతువుకు ముందు వాడవలెనని విధించి, వేదభాషలో అవి ధాతువుకు తరువాత, ఇతర పదాల వ్యవధానంతో కూడ రావచ్చునని చెప్పాడు. అనగా, వేదంలో విడిగా నిలువగలిగినవి లౌకిక సంస్కృతంలో ధాతువుతో కలిసిపోయాయి. ఆంగ్లం దీనికి విపరీత దిశలో నడిచింది. కలిసి ఉన్న ఉపసర్గలు నశించగా, వాటి పని విడిపదాలకు సంక్రమించింది.

తెలుగులోను దిగ్వాచకాలు క్రియలతో కూడి రూఢ్యర్థాన్ని పొందాయి. లో, పడు కలిసి 'లోబడు' అయినది, అర్థం వశమగుట. 'వెనుకాడు' అంటే సంకోచించుట. 'వెలివేయు' అంటే సంఘం నుండి బహిష్కరించుట. జాన్సన్ చెప్పిన 'ఫాల్ ఆన్'కు 'పైబడు' అన్న మన మాట అవయవ క్రమంలో తప్ప సర్వ విధాల సమానం. భేదం నిర్మాణంలో ఉన్నది. 'లోబడు'లో పకారం బకారమై రెండు పదాలూ ఒకటైనాయి. 'లోపల పడ్డాడు' అని విడదీస్తే అది వాచ్యార్థమే అవుతుంది. ఆంగ్లంలో 'లుక్ ఇట్ అప్' అని నడుమ కర్మ చేరినా రూఢ్యర్థం చెడదు. అందువలననే తెలుగు నిఘంటువులలో 'లోబడు' స్వతంత్రమైన ఆరోపం కాగా, ఆంగ్ల నిఘంటువులలో 'లుక్ అప్' సాధారణంగా 'లుక్' క్రింద ఒదిగి ఉంటుంది.

ఈ కలయికలు తెలుగులోనికి వచ్చిన తీరు కూడ పరిశీలింపదగినది. బస్సు 'బ్రేక్‌డౌన్' అవుతుంది, రోగి 'చెకప్' చేయించుకొంటాడు, శాసనసభలో సభ్యులు 'వాకౌట్' చేస్తారు. ఆంగ్లంలో ఇవి నామాలుగా మారినప్పుడే ఏకపదాలైనాయి. తెలుగు ఆ నామరూపాలను గ్రహించి, అవు, చేయు అన్న తన క్రియలను చేర్చుకొన్నది. అవయవాల జోలికి పోలేదు.

ఉపసంహారం

ఈ పరిశీలన వలన తేలినవి మూడు. ఆంగ్ల క్రియానుబంధాలు భాషా శైథిల్య ఫలితాలు కావు. లుప్తమైన ఉపసర్గలకు వారసులు. వాటి రూఢ్యర్థాలలో పెక్కింటికి స్థలభావనే పునాది. వాటికి దక్కిన చిన్నచూపు భాషా స్వభావం వలన గాక సామాజిక చరిత్ర వలన కలిగినది. కనుక ఆంగ్లాంధ్ర నిఘంటువులు ఈ కలయికలకు ముందు స్థలార్థం, పిదప లాక్షణికార్థం, తుదకు రూఢ్యర్థం అన్న క్రమం పాటించి, కర్మ ఎక్కడ నిలువగలదో కూడ సూచించడం అవసరం. 'లోబడు', 'వెనుకాడు' అన్న మాటల నిర్మాణాన్ని మొదట గుర్తించిన తెలుగు విద్యార్థికి 'గివ్ అప్' కారణం లేని వింతగా కన్పించదు.