సరాయిలో తెలుగు విద్యార్థి

సరాయి అంటే బాటసారుల బస. దక్షిణ ఢిల్లీలోని జియా సరాయ్ ఐ.ఐ.టి. ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న పాత పల్లె. 1961లో ఇంజనీరింగ్ కళాశాలగా ఆరంభమై 1963లో ఐ.ఐ.టి.గా రూపొందిన ఆ సంస్థ, 1969లో వెలసిన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఈ పరిసరాలకు కొత్త బాటసారులను రప్పించాయి. శిక్షణ కేంద్రాలు, పుస్తకాల దుకాణాలు, ఇరుకు సందుల అద్దె గదులు వారి కోసం వెలసినవే.

పోటీ పరీక్ష ఒంటరి సాధన. జవాబు పత్రం మీద పేరుండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది. అభ్యర్థి ఊరేదో, కులమేదో దిద్దేవారికి తెలియదు. భాష ఒక్కటే దాగదు. కొఠారీ సంఘం 1976లో చేసిన సిఫారసుల ఫలితంగా 1979 నుంచి సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షను ఎనిమిదవ షెడ్యూలు భాషల్లో రాసే వీలు కలిగింది. వ్యక్తి ఎదుగుదలకు సమూహపు భాష సాధనమైన ఘట్టమది.

అద్దె గదిలో మరొక పాఠం నడుస్తుంది. స్వస్థలంలో కోస్తా, రాయలసీమ, తెలంగాణ యాసల తేడాను గుర్తించి పలకరించుకున్నవారు, ఉత్తరాదివారి నోట అందరూ 'మద్రాసీ'లే అయినప్పుడు ఒక్కటవుతారు. 2014లో రాష్ట్రం రెండైనా ఆ పిలుపు ఆ సరిహద్దును పట్టించుకోదు. అయితే ఈ ఆసరాకు వెల లేకపోలేదు. పుస్తకాలనూ వంటనూ పంచుకున్న మిత్రుని ఫలితమే తన విలువకు కొలమానమై కూర్చుంటుంది. తనకు నిజంగా ఏది ఇష్టమో విచారించుకునే తీరిక కొందరికి ఏళ్ల తరబడి చిక్కదు.

ఆంగ్ల మాధ్యమంలో చదివి, ఐచ్ఛికాంశంగా తెలుగు సాహిత్యాన్ని ఎన్నుకొన్న అభ్యర్థి నన్నయ దుష్యంత చరిత్రను తొలిసారి శ్రద్ధగా చదివేది మార్కుల కోసమే. గోదావరీ తీరపు పద్యం ఆతనికి పరిచయమయ్యేది యమునా తీర నగరంలోని అద్దె గదిలో!